చెవిరాయి

ఖోన్ జలపాతం కింద, వెదురు మావు దగ్గర
మొలలోతు నురగలో నిలబడి
థొంగ్‌ఖూన్ అవ్వది ఎప్పుడూ ఒకటే మాట:
"ఈ చేప ఉప్పు తాగి వచ్చింది."
ఎలా తెలుసంటే కత్తి తుడుచుకుని నవ్వేది.

సముద్రం ఇక్కడికి ఏడొందల కిలోమీటర్లు.
నమ్మడం నా ఉద్యోగం కాదు.

తల చీల్చి
నూకగింజంత రాయి తీశాను.
జిగురులో నాటి, అరగదీసి,
నడుమ నుంచి అంచుదాకా లేజర్‌తో ఒక గీత.
రోజుకో పొర.
మానుకైనా ఏడాదికొకటే.

స్ట్రాన్షియం మొదట నేలబారుగా నడిచింది:
ఏరు, పసితనం.
ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచి
ఏళ్లకేళ్లు పైనే ఉండిపోయింది.
ఉప్పు తిన్న చోట విశ్వాసం నిలవలేదు కాబోలు,
చివర్లో దిగుతూ, దిగుతూ
వెంట్రుకవాసి మంచినీళ్లు.
అక్కడ రాయి ఆగిపోయింది.
అక్కడే అవ్వ మావు.

కాగితం పట్టుకెళ్లాను.
తలకిందులుగా చూసి "కొండా?" అంది.
సముద్రం, అన్నాను.
"చెప్పలా," అని
నా చేతిలో తోకముక్క పెట్టింది, ఇంకా తడి.

కుడిచెవి రాయి సీసాలోనే ఉంది.
లేబుల్ మీద "ఏ నీటి చేప" అన్న గడి
మూడు రోజులుగా ఖాళీ.