తొమ్మిదో గడి

గ్రీమ్స్ అనే దొరెవరో వుండేవాడంట.
ఆ పేరును మనోళ్ళు నాలిక మీద నానబెట్టి
గిరింపేట చేసేసినారు.
ఆ పేటకి ఇంగ్లీషు ఎంత వచ్చునో రాసుకోవడానికి
నా ఫారంలో చోటు లేదు.

ఏడో గడి, మాతృభాష.
ఎనిమిది, ఇంట్లో మాట్లాడేది.
తొమ్మిది, ఇంగ్లీషు: బాగా, కొంచెం, రాదు.
గడికి ఒక్కటే టిక్కు.
రెండు పెడితే మిషను తీసుకోదని
ట్రైనింగులో మూడుసార్లు చెప్పినారు.

జమీలాబీ ఇంటికాడ ఎనిమిదో గడికే అరగంట పోయింది.
"మాది ఉర్దూనే. మొగుణ్ణి తిట్టేది మాత్రం తెలుగులో.
ఉర్దూలో తిడితే అత్తకి అర్థమైపోతాది."
వాళ్ళ పిలకాయ నా పెన్ను లాక్కుని
'బాగా' మీద తనే టిక్కు పెట్టుకున్నాడు.
యూకేజీ.

పక్క గడప కన్నియమ్మది.
పుట్టింది గుడియాత్తం, మెట్టింది ఇక్కడ.
కొంగుతో అరుగు తుడిచి
"కూసో టీచరా" అనింది.
మాతృభాష తమిళం. సరే.
ఇంట్లో ఏం మాట్లాడతావు?
"ఎవురితో?"

పెన్ను మూత పెట్టి, మళ్ళా తీసినాను.

ఆయనకి తమిళం తెలీదంట.
రెండు బాసల్లోనూ ఉప్పు ఉప్పేనని
ఆ మాటతోనే మొదలుపెట్టినారంట కాపరం.
ఇరవై ఆరేండ్లకి
ఆయన తమిళంలో అలగడం నేర్చినాడు,
ఈమె తెలుగులో చీటీ లెక్కలు.
పోయిన ఆడికృత్తికకి ముందు రోజు
ఆయన లేకుండా పోయినాడు.

"ఇంగ్లీషు?"
"రాదు టీచరా. నేనేం చదివినానని."
టిక్కు పెట్టబోతా వుంటే
గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.
వేలూరు ఆస్పత్రి కాగితాలు.
"క్రియాటినిన్ ఎనిమిది పాయింటు నాలుగు"
కాగితం చూడకుండానే అనింది,
రేషన్ కార్డు నెంబరు చెప్పినట్టు.
డయాలసిస్. ఫిస్టులా. పొటాషియం. అడ్వాన్సు.
ఒక్క పొల్లు పోలేదు.
పద్దెనిమిదేండ్లుగా ఇంగ్లీషు చెప్తా వుండా,
ఫిస్టులా అంటే ఏమో నాకు తెలీదు.
తన మోచేతి లోపల వేలు పెట్టి చూపించింది.
"ఈడ తాకితే జుమ్మంటా వుండె,
తేనెటీగ మాదిరి."

కడాకు ఇంకో కాగితం మడత విప్పింది.
"ఎండ్ స్టేజి అని రాసుండాది గదా?
ఎవురూ అర్థం చెప్పలా. నేనే చెప్పుకున్నా.
స్టేజి అంటే బస్సు నిలిచే చోటు.
ఇది కడా స్టేజి.
ఇంక దిగాల్సిందే."

ఆయనకేం చెప్పినావు?
"ఏ బాసలో చెప్పేది?
వచ్చేటప్పుడు నరహరిపేట కాడ అడిగినాడు,
డాక్టరు ఏమన్నాడని.
ఉప్పు తగ్గించమన్నాడని చెప్పినా."

పొయ్యేటప్పుడు రెండు ఇడ్లీ, శెనిక్కాయల ఊరిబిండి
ఆకులో కట్టిచ్చింది.
సందు మొనలో, సైకిల్ షాపు నీడన నిలబడి తిన్నాను.
ఊరిబిండిలో ఉప్పు లేదు.
పది నెలలు కావస్తా వుంది,
ఇంకా ఆయన వంటే చేస్తా వుంది.

తొమ్మిదో గడి ఖాళీగా వుంది.
సాయంత్రం సూపర్‌వైజరు అడుగుతాడు.