చప్పుడు

బల్లారట్‌లో జూన్ నెల ఆదివారం.
కిటికీ అద్దం నిండా ఆవిరి. దానిమీద
మా చిన్నాడు వేలితో గీసిన పిల్లి,
మీసాలు అప్పుడే కిందికి కారుతున్నాయి.
రాత్రంతా ఫ్యాక్టరీలో బంగాళాదుంపల బెల్టు పక్కన నిలబడి వచ్చాను,
నేలింకా కదులుతున్నట్టే ఉంది.
అయినా పొయ్యి వెలిగించాను.
ఐదు రోజుల బడి, ఇద్దరు పిల్లలు, పది గ్రనోలా బార్లు.
సౌదామిని బ్యాగులో మాయమయ్యేవి లెక్కలోకి రావు.

ఓట్సు రెండు గ్లాసులు. మా ఇంట్లో కొలతంటే స్టీలు గ్లాసే.
పెనం మీదే వేయిస్తాను, ఓవెన్‌లో కాదు,
వేగిందని ముక్కు చెప్పాలి, గడియారం కాదు.
గుమ్మడి గింజలు ఉబ్బి చిటపటమన్నాయి,
ఒకటి ఎగిరొచ్చి నా చొక్కా జేబులో పడింది.
నువ్వులు, పొద్దుతిరుగుడు పప్పు, గుప్పెడు ఎండుద్రాక్ష.
పల్లీలు మాత్రం లేవు.

పల్లీల్లేకుండా పట్టీ ఏమిటని మొదటి ఏడంతా నాకు కోపం.
బడి గేటు మీద పల్లీకాయ బొమ్మ, దానిమీద ఎర్ర గీత,
దొంగ ఫొటో అంటించినట్టు.
కదిరి పక్కన మెట్టచేను మాది.
నా పదో తరగతి ఫీజు, నాన్న సైకిలు, అమ్మ కళ్లద్దాలు
అన్నీ పల్లీకాయల్లోంచి వలిచినవే.

బెల్లం కరిగింది. గోల్డెన్ సిరప్ ఒక గరిటె.
నీళ్లగిన్నెలో చుక్క వేసి హవిషని చూడమన్నాను.
"కరిగిపోయింది నాన్నా." ఇంకా రాలేదు.
"పాములా సాగింది." ఇంకొంచెం.
"ఉండయింది, తమ్ముడి బొజ్జలా." అదీ, దించెయ్.
ముదిరితే పళ్లు ఊడతాయి, లేతయితే చేతిలోనే రాలుతుంది.
పోయిన వారం రాలింది. పిల్లలు దానికి ఇసకని పేరు పెట్టారు.
పెరుగులో కలుపుకుని బుధవారం దాకా ఇసకే తిన్నాం.

ట్రేలో పోసి గ్లాసు అడుగుతో అదుముతుంటే
హవిష తలెత్తకుండానే అంది:
"అంగస్ ఇప్పుడు మా బల్ల దగ్గరే తింటున్నాడు."
అంగస్ ఎవరు?
"వాడి సంచిలో ఒక సూది ఉంటుంది. టీచర్ దగ్గర ఇంకోటి.
పోయినేడు ఎవరో పల్లీ బిస్కెట్టు తెస్తే
పెదాలు ఇంత లావయ్యాయి. అంబులెన్స్ వచ్చింది.
అప్పట్నుంచీ మెట్ల మీద ఒక్కడే తినేవాడు."
వాడికి ఇవి పెడతావా?
"పెట్టకూడదు. ఎవరి డబ్బా వాళ్లదే."
మరి?
"మరేం లేదు. వాడిది వాడు, నాది నేను.
నాది నమిలితే చప్పుడెక్కువ. వాడు నవ్వుతాడు."

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది.
శుక్రవారం చట్నీకి పల్లీలు కొలిచింది దీంతోనే.
కడిగాను. కడిగాననే అనుకుంటాను.
వేయించింది? ఈ పెనం మీదే.
ఫ్రిజ్ మీది పల్లీల డబ్బా నా వైపే చూస్తోంది,
షిఫ్టు నుంచి వచ్చి అర్ధరాత్రుళ్లు అందులో చెయ్యి పెట్టేది నేనే.

"ఇది ఇంట్లోకి" అన్నాను ట్రే పక్కకి జరిపి.
"బడికి మళ్లీ చేద్దాం."
సౌదామిని నా కళ్లవైపు చూసింది, ఏమీ అనలేదు.
అటక మీంచి కొత్త గ్లాసు దించింది,
ఎవరి గృహప్రవేశంలోనో ఇచ్చింది, పేరు చెక్కి ఉంది,
స్టిక్కరైనా ఊడలేదు.
మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను.
కొత్త పొట్లం ఓట్సు. ఈసారి ఓవెన్‌లోనే,
గడియారం చెప్పిందే నమ్మాను.
మళ్లీ నీళ్లగిన్నె, మళ్లీ పాము, మళ్లీ బొజ్జ.

చల్లారడానికీ గట్టిపడటానికీ మధ్య
కత్తి దిగే సమయం పావుగంట ఉంటుంది.
ఆ పావుగంటలో నేను కుర్చీలోనే నిద్రపోయాను.

లేచేసరికి చీకటి.
పది ముక్కలు కాగితాల్లో చుట్టి ఉన్నాయి,
ఏ రెండూ ఒక్కలా లేవు.
నా ముందు పళ్లెంలో మొదటి ట్రే మూలముక్క ఒకటి.
జేబులో ఏదో గుచ్చుకుంటే తీసి చూశాను, గుమ్మడి గింజ.
దాన్ని ముక్క మీద పెట్టి కొరికాను.

నిజమే,
చప్పుడెక్కువే.