ఐదు రూపాయల రసీదు

ఒకే పొద్దున, ఒకే ఆటోలో వెళ్లాం
నేనూ పానకాలూ,
మిర్చి యార్డులో పదహారేళ్లు
ఒకే బల్ల మీద చిట్టాలు రాసినవాళ్లం.
వాడి సంచిలో కారం మిల్లు కాయితాలు,
నా సంచిలో సంఘం కాయితాలు.

వాడి పని భోజనాల వేళకే అయిపోయింది.
నాకు ఏడు సంతకాలు కావాలన్నారు.
మా బావమరిది, మందుల షాపు ఫిలిప్పు,
చుట్టుగుంటలో పంక్చర్లు వేసే మస్తాన్‌వలి,
అలా ఆరుగురు దొరికారు.
ఏడో ఆయన పెన్ను మూత తీసి ఆగాడు:
"ఇంతకీ ఇందులో నీకేంటి?"

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా అదే ప్రశ్న.
బ్యాంకులో అదే, పట్నం బజారులో అదే,
మా ఆవిడ అన్నం వడ్డిస్తూ
నోరు విప్పకుండా అదే.
పానకాలుని ఒక్కరూ అడగలేదు.
కారం అమ్మేవాడికి కారణం అక్కర్లేదు.
సంపాదించుకుంటానంటే దీవించే ఊరు
ఊరికే ఇస్తానంటే
తన జేబు తడిమి చూసుకుంటుంది.

నేను పెట్టింది పెద్దదేం కాదు.
ఏటుకూరు రోడ్డులో ఓ రేకుల షెడ్డు.
తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులకు గ్లౌజులు,
రాత్రుళ్లు మండే వేళ్లకు పూసుకోను డబ్బాల్లో మందు,
చంటివాళ్లను ఘాటుకి ఎడంగా పడుకోబెట్టే
నాలుగు చీర ఉయ్యాళ్లు.

ఆ ఏడు
కారంలో రంగు లేదని ఓ హోటలాయన
బస్తా మోసుకొచ్చి పానకాలు గుమ్మంలో కుమ్మరించాడు.
వాడు తిట్లన్నీ తిని, రాత్రంతా కూర్చుని
జల్లెడ మార్చాడు.
"తిట్టేవాడున్నంత కాలం కొట్టు బతుకుద్దిరా,
మాట్లాడకుండా పోయేవాడే ముంచేది" అన్నాడు
తుమ్ముతూ, టీ ఊదుకుంటూ.

నాకు తిట్లెక్కడివి, అన్నీ దణ్ణాలే.
మూడొందల పన్నెండు జతలు పంచినట్టు పద్దు.
అరండల్‌పేట నుంచి దాతలొచ్చారు,
గ్లౌజుల చేతులు కెమెరా వైపు చాపించి
ఫొటో తీయించుకున్నారు.
డబ్బిచ్చినవాళ్లకు ఫొటో నచ్చింది.
సరుకు పుచ్చుకున్నవాళ్లను ఎవరూ అడగలేదు,
నేనూ అడగలేదు.
ఇచ్చేవాణ్ణన్న మత్తు
తేజ రకం కంటే ఘాటు.

మే నెలలో, సీజను దిగిపోయే ముందు
ఏదో సంతకానికి శౌరమ్మ ఇంటికెళ్లాను.
గోడకి మేకు, మేకుకి నా గ్లౌజు,
అందులో దువ్వెన, రేషను కార్డు.
రెండోదాన్ని మనవడు నోటితో ఊది
ఆవు పొదుగు చేసుకున్నాడు.

"మరి చెప్పలేదేం?"
"ఊరకే ఇచ్చినదానికి వంకలు పెడితే
కళ్లు పోవూ?" అంది.
"తొడిమె వేలికి తెలవాల సారూ. ఇయ్యేసుకుంటే తెలవదు.
కిలోకింతని కూలి. పొద్దు గూకేసరికి సగం కూడా తెగవు.
మండితే మండింది."

నా చిట్టాలో ఉన్న మూడొందల పన్నెండు జతలూ
తాలు కాయలేనని అప్పుడు తెలిసింది.

వారం తిరక్కుండా తనే వచ్చింది షెడ్డుకి.
కొంగు ముడి విప్పి
ఐదు రూపాయల బిళ్ల బల్ల మీద పెట్టింది.
"వేళ్ల కొసలు పలచగా, అరచెయ్యి మందంగా కుట్టించు.
ఇది ఉంచు.
డబ్బులిస్తే నిన్ను తిట్టొచ్చుగా."

ఆ బిళ్లని ఏ పద్దులో రాయాలో
పదహారేళ్ల గుమస్తాగిరీ నాకు నేర్పలేదు.
విరాళం కాదు. ధరా కాదు.
పానకాలుని అడిగితే "అమ్మకం రాసెయ్" అన్నాడు,
వాడికన్నీ అమ్మకాలే.
రసీదు మాత్రం చింపిచ్చాను.
ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి
రేషను కార్డు పక్కన దాచుకుందట.

కొత్తవి వచ్చి నెలైంది.
చిటికెన వేలు దగ్గర కుట్టు ఊడుతోందని
నిన్న నలుగురొచ్చి చెడామడా దులిపి పోయారు.
రాత్రి పానకాలుకి ఫోన్ చేశాను,
దారం ఎక్కడ కొంటావురా అని.