మూడు మూలల గింజ

ఉస్మాన్‌గంజ్‌లో మిట్టమధ్యాహ్నం
చాటలో కందిపప్పు చెరుగుతూ
ఈరవ్వ వేలు ఆగింది.
"ఇది కంది కాదు బిడ్డా,
కందికి మూలలుండయి."

నమూనాలు తీసుకుపోవడం నా పని.
నా దగ్గర సంచీ, లక్క, సీలు ఉన్నాయి.
ఆమె దగ్గర బొటనవేలుంది.

లంకపప్పు.
పుస్తకంలో దీనికి పెద్ద పేరే ఉండేది,
పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయాను.
ఆమెకు మాత్రం దీని పేరు
వాళ్ల నాయన నడక.

ఆ కరువేడు దొర జీతం గింజల్లో కొలిచాడట.
చినుకు లేకున్నా, ఎవరూ కలుపు తీయకున్నా
నెర్రెలిచ్చిన నేలలో అదొక్కటే కాసిందట.
పొద్దున అదే గటక, రాత్రి అదే రొట్టె.
చలికాలం నడుమ ఒక తెల్లారి
మంచం దిగబోయిన మనిషి కాళ్లు
కత్తెరలా ఒకదానికొకటి అడ్డం పడ్డాయట.
"పప్పుల కాలేసిండు అంటరు గదా,
మా నాయన ఎయ్యలే.
పప్పే కాళ్లు తీస్కపోయింది."
చెప్పి నవ్వింది.
నేను నవ్వొచ్చో లేదో తెలియలేదు.

సేఠ్ చాయ్ తెప్పించాడు.
మీగడ కడుతున్న కప్పు నా వైపు జరిపి
"ఒక్క గుప్పెడే గదా మేడమ్" అన్నాడు.
అతని పప్పులు నా దగ్గర ఉడకలేదని
రాసుకుంటే బాగుండేది.
నిజానికి చాయ్ తాగాను.
తర్వాతే సీలు వేశాను.

లేచేటప్పుడు ఈరవ్వ కొంగుముడి విప్పింది:
మర తప్పించుకున్న పగలని గింజలు,
చిట్టి గొడ్డలి మొనల్లా.
ఎందుకు దాచావన్నాను.
ధూల్‌పేటలో రేకుల ఇంటి ముందు
పెయింటు డబ్బాలో వేస్తుందట,
నీలం పూలు పూస్తాయట.
"అదేం జేసింది బిడ్డా, కరువుల మొలిచింది.
ఏర్లకు బుడిపెలు కట్టి
మట్టికింత సత్తువిచ్చి పోయింది.
అడిగితే, కొలిచిన మానికనడుగు."

రాత్రి పప్పు కడుగుతూ
గిన్నెలో బొటనవేలు తిప్పాను.
మూలలేవీ తగల్లేదు.
మళ్లీ కడిగాను.
కిటికీ అవతల, నారాయణగూడ దీపాల కింద
దిరిసెన కాయలు ఎండి గలగలమంటున్నాయి.
అదీ ఈ చిక్కుళ్ల వంశమే.
మర్చిపోయిన పుస్తకంలోంచి
ఇదొక్కటి, ఎందుకో, ఇప్పుడు గుర్తొచ్చింది.