గుండు, బద్ద

కాలితో పెడలు తొక్కి, సేత్తో పిడి నొక్కితే
జీడిగింజ ఒక్క సప్పుడు సేస్తాది.
ఆ సప్పుడుకే తెలిసిపోద్ది నాకు
లోపల పప్పు గుండుగా ఉందో, బద్దయిందో.
పాతికేళ్లు కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో కూకున్నదాన్ని.
నా లోపల ఏటి బద్దయిందో మాత్రం
సానాళ్లు తెలీనేదు.

మొదట ఒక తుమ్మొచ్చింది.
అంతే.
కింద గోనె తడిసింది.
జీడినూని ఒలికిందనుకున్నాను.
అనుకోవాలనే అనుకున్నాను.

ఆ మర్నాటి నుంచీ ముదురు రంగు సీరలే.
మా గుంట మొదటి జీతంతో కొన్న లేత పసుపుది
పెట్టి అడుగున, మడత ఇప్పకుండా ఉంది.
"నచ్చనేదేటమ్మా?" అనడిగింది.
నచ్చింది గాబట్టే, తల్లీ.

పలాస నుంచి టెక్కలికి ఎన్ని మైళ్లో నన్నడక్కండి.
మజ్జిలో బస్సెక్కడ ఆగుద్ది,
అక్కడ గోడుందా, తుప్పుందా,
తలుపుంటే దానికి గెడుందా,
ఆ లెక్క సెప్తాను.
పెళ్లిపిలుపుకొచ్చినోళ్లని
ముహూర్తం అడగాల గదా,
దొడ్డి ఏ పక్కనో అడగబోయి
నాలిక్కరుసుకున్నాను.

పొద్దున్న లేచి నీళ్లు ముట్టను.
బాయిలరు ఆవిరికి నోరు పిడసగట్టినా
పుక్కిలించి ఊసీడమే.
మా మరిది వారానికి రెండుసార్లు
ఆస్పత్రిలో మిషను కాడ పడుకుంటాడు.
మా ఉద్దానంలో కిడ్నీ అన్న మాటకే
ఇళ్లల్లో మంచాలు వొణుకుతాయి.
ఆడికి రోజుకిన్ని నీళ్లని గళాసుతో కొలిసిత్తారు.
"నువ్వయినా కడుపునిండా తాగొదినా" అంటాడు
నా సేతిలో సెంబు కేసి సూస్తా.
ఆడికేటి తెలుసు,
నాకూ కొలతే ఉందని. కొలిసీది నానేనని.

రాత్రుళ్లు గోడవార నా సాప వేరు.
"ఒంట్లో బాగోనేదా?" అని
రెండు నెలలడిగినాడు మా ఇంటాయన.
తరవాత అడగడం మానీసినాడు.
ఇద్దరికీ మజ్జిన ఆ మానీడం
మూడో మనిసిలాగ పడుకునీది.

సైకిలు స్టాండేసి దిగబోయి మేస్త్రీ
గింజల రాశి మీద కూలబడ్డనాడు
బెంచీ బెంచీ అంతా పగలబడ్డారు.
నాను కొంగు కరుసుకుని
మోకాళ్లు బిగబట్టి
ఏడుపొచ్చినట్టు కూకున్నాను.
పక్కబెంచీ దాలమ్మ సూసింది.
అదీ నవ్వనేదు.
మాపు, గేటు దాటినాక
నా సెవికాడ రెండే అచ్చరాలంది:
"నీకూ?"

బుధవారం సర్కారాస్పత్రి.
"పేరు?"
"తవిటమ్మ."
పుట్టగానే నన్ను తవుడికి అమ్మి
మళ్లా కొనుక్కున్నారంట, దక్కాలని. దక్కినాను.
"కాన్పులు?"
"నాలుగు."
"ఆఖరుదానికి ఎన్నాళ్లకి పన్లోకెళ్లావు?"
"పదకొండో రోజు. బస్తాలెత్తినాను."
నర్సమ్మ రిజిస్టర్లోంచి తలెత్తకుండానే
"సానామందికుంటాదమ్మా" అంది
పడిశం సంగతి సెప్పినట్టు.
ఇన్నేళ్లు ఈ ముక్క
పడిశంలాగ సెప్పీ మనిసే దొరకనేదు నాకు.

మూట మూతి బిగించినట్టు లోపల బిగించాలంట.
పది లెక్కెట్టి ఒదిలీయాలంట.
మళ్లా. మళ్లా.
నెలలు పడద్దంట.
నాకు అంకెలతో పనేటి, గింజలున్నాయి.
బిగిస్తాను. పది గింజలు కొడతాను. ఒదులుతాను.
మేస్త్రీ నా సేతులే సూస్తాడు.
దాలమ్మ మాత్రం అప్పుడప్పుడు
తల ఎత్తకుండానే "ఎన్నోది?" అంటాది.

మూడు నెలలైంది.
దగ్గొస్తే ఇంకా జారుతాది.
పసుపు సీర ఇంకా పెట్టిలోనే ఉంది.
బద్ద మళ్లా గుండవదని
నాకు తెలీదా?
అయినా బద్దకీ ఒక రేటుంది బజార్లో.

ఇయ్యేల టెక్కలి బస్సు కోసం నిలబడి
కుళాయి కింద దోసిలి పట్టి
గటగటా తాగినాను,
మూడు దోసిళ్లు.
బస్సింకా రానేదు.