సవరణ

నలభై ఏళ్లుగా ఒక వానను మెచ్చుకుంటూ రాశాను.

పాత నలుపు తెలుపు సినిమా అది.
రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద
ఆమె ఒక్కతే మిగిలిపోయే సీను.
సన్నగా, నిలువుగా, ఆగకుండా వాన.
గొడుగు లేదు. కొంగైనా తలమీదకి లాక్కోదు.
పద్నాలుగేళ్ల పిల్లని,
చిత్తూరులో నేల టికెట్టు, ఆడోళ్ల వైపు,
వేడి ఇటుక గోడకి వీపు ఆనించి చూశాను.
పక్కన మా చిన్నమ్మ
పైట చివర నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరి
మాసపత్రికలో సినిమాల గురించి రాయడం మొదలెట్టాక
ఎవరు ఏ తెరమీద వాన కురిపించినా
ఆ వానతోనే తూచాను.
"ఏడవలేని మనిషి తరఫున ఆకాశం ఏడ్చింది" అని కూడా రాశాను.
దానికి పలమనేరు నుంచి ఒక అయ్యవారు మెచ్చుకుంటూ కార్డు వేశాడు.
ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మొన్న ఆషాఢంలో
గిరింపేట టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద దుప్పటి కట్టి
కుర్రాళ్లు అదే సినిమా వేశారు.
కడిగిన కాపీ అంట. ఒక్క మచ్చ లేదు.
రైలు కదిలింది.
ఆమె మిగిలింది.
ఎండ.

కాళ్ల కిందికి ముడుచుకున్న నీడ, మిట్టమధ్యాహ్నపు నీడ.
చంకల్లో రవిక చెమటకి తడిసి ఉంది.
వాన లేదు. ఒక్క చుక్క లేదు.

ఆపరేటర్ గఫూర్ సాయిబు ఇంకా ఉన్నాడు, సంతపేటలో.
ఒక కన్ను పోయింది. రెండోది మాట్లాడేటప్పుడు గోడని చూస్తుంది.
"ఆ వాన నేను పోసిందే మ్మా" అన్నాడు.
చుట్టేటప్పుడు ఆరో రీలు తోక జారి నేలమీద పడిందంట.
ఆటకి టైమైపోయి
ఇసక తుడవకుండానే చుట్టేశాడంట.
"ఓనరుకి చెప్తే జీతం కోస్తాడని నోరు మూసుకున్నా.
జనం ఏడస్తా ఉండారు గదా, పోనీలే అనుకున్నా."
టీ తాగమన్నాడు. తాగాను. చక్కెర ఎక్కువైంది.

అదే మేడమీద, ఆ పెద్ద సినిమాకి ముందు
పదకొండు నిమిషాల బొమ్మ ఒకటి వేశారు.
తీసింది మురకంబట్టు మునిలత,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించే పిల్ల.
ఫోనుతో తీసింది.
షిఫ్టు దిగిన ఆడవాళ్లు లారీ వెనక కూర్చుని ఇంటికి పోతుంటారు,
అంతే కథ.
అందులో ఒకామె నిద్రపోతుంది. తల ఊగుతుంది.
గోళ్ల సందుల్లో పసుపు.
చివరి రెండు నిమిషాలూ తెర మధ్యన ఏదో అడ్డం,
ఆమె ముఖం సగం కరిగిపోయినట్టు.

నేను రాసింది ఇది, పన్నెండో పేజీ, మూడో పేరా:
"మంచి ప్రయత్నం. చివర్లో తెరమీద మరక.
లెన్సు తుడుచుకోవడం నేర్చుకోవాలి."

పత్రిక వచ్చిన నాలుగో రోజు ప్రెస్సుకి వచ్చింది.
చెప్పులు బయట విడిచింది. ఇక్కడ ఎవరూ విడవరు.
కొట్లాటకేమో అనుకున్నాను.
"అది వాన మ్మా" అనింది.
"తుడస్తే చెయ్యి ఆడుతుంది. మా అత్త నన్నే ఆనుకోనుండాది, లేస్తాది.
రెండు షిఫ్టులు నిలబడిన మనిషి."
ఇంకేం అనలేదు.
నా బల్లమీది ప్రూఫులో ఒక అచ్చుతప్పు వేలితో చూపించి
వెళ్లిపోయింది.

ఈ నెల పేజీలు కట్టేముందు ఢిల్లీబాబు అడిగాడు,
"సవరణకి ఎంత చోటు వదలమంటారు మేడం?"
రెండు లైన్లు అన్నాను.
పోయిన సంచికలో మరక అని పడినచోట
వాన అని చదువుకోవాలి.

"పాత సినిమాది కూడా ఏదో ఉందంటిరి గదా?"

పెన్ను మూత పెట్టాను. మళ్లీ తీశాను.
దానికి వద్దులే అబ్బా.
ఆ రాత్రి ఇంటికి నడిచొస్తూ
చిన్నమ్మ పైట చివర నా చేతిలోనే ఉండింది.
తడిగా ఉండింది.
దాన్ని ఏమని దిద్దేది?