తలుపు కింద గీత

ఏడో లెవెల్ నాది.
పొడుగాటి వరండా, పాచి పట్టిన ఆకుపచ్చ గోడలు,
చివర ఒక ఎర్ర తలుపు.
శత్రువులు లేరు, నాణేలు లేవు,
పరుగెత్తే మీట కూడా తీసేశాను.

ఉస్మానియాలో అన్నని లోపలికి తీసుకెళ్ళిన రాత్రి
రెండున్నర గంటలు నేను చూసింది అదే.
థియేటర్ గుమ్మం మీద ఎర్ర బల్బు.
లోకంలో రంగున్నది దానికొక్కదానికే.
ఆ ఎరుపుని మాదాపూర్ మూడో అంతస్తుకి మోసుకొచ్చి
పిక్సెల్ పిక్సెల్‌గా తలుపుకి పూశాను.
"చూడగానే గుండె జారాలి" అంది కిరణ్మయి, మా లీడ్.
జారుతుందన్నాను.

ఆడి చూడ్డానికి తాహెర్ కూర్చున్నాడు.
యాకుత్‌పురా నుంచి రెండు బస్సులు మారి వస్తాడు,
ఏ గోడలోంచి దూరిపోవచ్చో, ఏ మెట్టు కింద జారిపడొచ్చో
చేత్తో తడిమినట్టు కనిపెడతాడు.
వరండాలో నడిచాడు.
చివరిదాకా వెళ్ళాడు. వెనక్కి తిరిగాడు.
మళ్ళీ వెళ్ళాడు.
నలభై నిమిషాలు.
పక్కన చాయ్ మీద మీగడ కట్టింది.

తలుపు ముందే నిలబడి
తలుపు కోసం వెతుకుతున్నాడు.

"ఈ లెవెల్‌ల తలుపే లేదు కద అక్కా,
మంచిగ చేసినవ్.
మా అబ్బా పోయినప్పుడు గిట్లనే ఉండె."

నేనేం మాట్లాడలేదు.

తర్వాత మెట్ల మీద చెప్పాడు, ఎవరికీ అనొద్దని:
ఎరుపూ ఆకుపచ్చా తనకి ఒకటే,
తడిసిన గోనెసంచి రంగు.
"మరి పంజగుట్ట సిగ్నల్ దగ్గర?"
"పైన వెలిగితే ఆగుడు, కింద వెలిగితే పోవుడు.
సమజ్ కాకుంటే పక్క బండిని చూసుడు."

ఆ రాత్రి తెర మీద రంగులన్నీ పిండేశాను.
నలుపు, తెలుపు, మధ్య బూడిద.
కళ్ళు చికిలించి చూస్తే
నా ఎర్ర తలుపు లేదు,
ఉప్పుకల్లులా గోడలోకి కరిగిపోయింది.
ఇన్నాళ్ళూ నేను కేక అనుకున్నది
వాడి దగ్గర గోడంత నిశ్శబ్దం.

అప్పుడు గుర్తొచ్చింది,
ఆ రాత్రి బెంచీకి ఆ చివర
స్టీలు క్యారియర్ ఒళ్ళో పెట్టుకున్న ఒకామె.
బల్బు వైపు ఒక్కసారీ తలెత్తలేదు.
నేల చూస్తోందనుకున్నాను.
తలుపు కింది సందు చూస్తోంది,
చెప్పుల నీడలు అటూ ఇటూ కదిలే సందు.

ఎరుపు తీసేశాను.
మనసొప్పక రెండుసార్లు మళ్ళీ పెట్టి, తీశాను.
వరండాకి అడుగడుక్కీ ఒక పాలు చీకటి కలిపాను.
చివర, నేల మట్టంలో,
అగ్గిపుల్ల మందాన
ఒక తెల్ల గీత.

తాహెర్ నడిచాడు.
గీత దగ్గర ఆగాడు.
మీట మీద వేలుంది, నొక్కడు.
"తెరువు" అంది కిరణ్మయి.
"ఆగున్రి మేడం, లోపల ఎవరో ఉన్నరు."

లోపల ఎవరూ లేరు.
ఎనిమిదో లెవెల్ ఇంకా కట్టనేలేదు.
తలుపు తీస్తే ఖాళీ, ఆకాశమైనా లేని ఖాళీ,
గీత పడ్డానికి నేను పెట్టిన ఒంటి దీపం.
ఆ సంగతి వాడికి చెప్పలేదు.

పన్నెండింటికి బయటికొస్తే వాన వెలిసింది.
దుర్గం చెరువు వంతెన తీగలు
నీళ్ళలో రంగులు మార్చుకుంటున్నాయి.
"ఇప్పుడేం రంగక్కా?" అడిగాడు.
చెప్పబోయి,
వాడి పక్కన నిలబడి
కళ్ళు చికిలించాను.